గది అడిగితే ముసలి, గేటు దాటితే పసి

21 ఏళ్ళు నిండితే మన దేశంలో సర్పంచి కావచ్చు. చెరువు కట్ట, వీధి దీపాలు, ఊరి తగవులు అన్నీ ఆ చేతుల్లో పెట్టడానికి రాజ్యాంగానికి ఏ బెంగా లేదు. 25 నిండితే ఎమ్మెల్యే కావచ్చు, కాలం కలిసొస్తే విద్యాశాఖ మంత్రి కూడా కావచ్చు. ఆ మంత్రిగారు ఓ సాయంత్రం కారు దిగి విశ్వవిద్యాలయం మహిళా హాస్టల్ తనిఖీకి వచ్చారనుకోండి. గేటు దగ్గర, ఆవిడకంటే నాలుగేళ్ళు పెద్దదైన పరిశోధక విద్యార్థిని, నాన్న సంతకం లేని ఔట్‌పాస్ పట్టుకుని వాచ్‌మన్‌ని బతిమాలుతూ కనబడుతుంది.

నా స్నేహితురాలి సంగతి చెబుతాను. ఆమె ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరర్. ఆరేళ్ళపాటు అక్కడి ఆడపిల్లల హాస్టల్‌కి డిప్యూటీ వార్డెన్ కూడా. ఎన్ని ఔట్‌పాసుల మీద సంతకం పెట్టిందో ఆమెకే లెక్క లేదు. 34వ ఏట సెలవు పెట్టి, ఓ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీకి చేరింది. హాస్టల్ దరఖాస్తు నింపి ఇస్తే గుమాస్తా ఒక గడి మీద వేలు పెట్టాడు.

"మేడమ్, ఇక్కడ నాన్నగారి సంతకం లేదండీ."

"నాకు పెళ్ళయిందండీ."

"అయితే మీవారి సంతకం తెండి."

"ఆయన దుబాయ్‌లో ఉంటారు."

"అయితే నాన్నగారిదే తెండి."

"నేనే ఒక హాస్టల్‌కి వార్డెన్నండీ."

గుమాస్తా ఈసారి కాస్త ఆలోచించాడు. "అయితే మీకు రూల్సు తెలిసే ఉండాలి కదండీ."

ఆ నాన్నగారికి డెబ్బై దాటాయి. కంటి శుక్లాల ఆపరేషనై నల్ల కళ్ళద్దాలతో మంచం మీదున్నారు. ఆస్పత్రిలో ఆయన తరఫున కాగితాల మీద సంతకాలు పెట్టింది ఈమే. ఇప్పుడు ఈమె తరఫున ఆయన పెట్టాలి. "ఎక్కడమ్మా, కనబడటం లేదు" అంటే వేలు పట్టుకుని గడి చూపించిందట. అక్షరాభ్యాసం నాడు ఆయన ఆమె వేలు పట్టుకుని దిద్దించిన బాకీ ఆ రకంగా తీరింది.

సంతకం తెచ్చాక రెండో మెలిక. గదులు తక్కువ, జాబితా పెద్దది. "కుర్రపిల్లలకి ముందు ఇవ్వాలి కదండీ, మీరంటే పెద్దవారు, బయట ఎక్కడైనా చూసుకోగలరు" అన్నారు. గది అడిగిన చోట ఆమె తల పండిన మనిషి, లోకం చూసిన మనిషి, ఒంటరిగా ఊళ్ళో అద్దెకు ఉండగల ధీర. ఏడు నెలల తర్వాత గది దొరికింది. ఆ రాత్రి నుంచి గేటు దగ్గర కళ్ళు తెరవని పసిగుడ్డు. ఆఫీసు గదికీ గేటుకీ మధ్య దూరం మహా అయితే అరవై అడుగులు. అరవై అడుగుల్లో ముప్ఫై ఏళ్ళ వయసు తగ్గించే రసాయనం చరకుడికి కూడా దొరకలేదు.

అసలు మనిషి ఎప్పుడు పెద్దవాడవుతాడు? ఇంగ్లండులో దీనికి ఒక లెక్కుంది. 21 నిండాక డిగ్రీలో చేరితే మెచ్యూర్ స్టూడెంట్ అంటారు. అలాంటివాళ్ళ కోసం కేంబ్రిడ్జ్‌లో హ్యూస్ హాల్, వుల్ఫ్‌సన్, సెయింట్ ఎడ్మండ్స్ అని కాలేజీలే ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్‌లో హారిస్ మాంచెస్టర్ ఉంది. 21కే పరిపక్వత! ఇంగ్లండు వాతావరణం చల్లటిది కదా, అక్కడ పళ్ళు నిదానంగా పండాలి, మనుషులు మాత్రం త్వరగా పండుతున్నారు.

ఎండలు కాసే మన దక్షిణాదిలో లెక్క వేరు. కోళికోడ్ మెడికల్ కాలేజీ విద్యార్థినులు, రాత్రి 9:30 తర్వాత హాస్టల్ దాటకూడదన్న ఆంక్ష మీద కేరళ హైకోర్టుకి వెళ్ళారు. 2022 డిసెంబరులో అక్కడి ఆరోగ్యశాస్త్రాల విశ్వవిద్యాలయం కోర్టుకి విన్నవించుకున్నది ఇది: పరిపక్వత 25 ఏళ్ళకి గాని రాదు, 18కే పూర్తి స్వేచ్ఛ తగదు, హాస్టళ్ళేమీ రాత్రి షికార్లకు కట్టిన టూరిస్టు బసలు కావు. చెప్పింది ఏ ఖాప్ పంచాయతీయో కాదు, డాక్టర్లను తయారుచేసే విశ్వవిద్యాలయం. ఆ లెక్కన 23 ఏళ్ళ హౌస్ సర్జన్ మెదడు ఇంకా పచ్చిగానే ఉంది. అయినా అర్ధరాత్రి రెండింటికి కాన్పు కేసు ఆమె చేతికే ఇస్తాం. తల్లీబిడ్డల ప్రాణాలు ఇస్తాం గాని గేటు తాళం మాత్రం ఇవ్వం.

సరే, 25 అన్న మాటే ఖాయం చేసుకుందాం. 26 దాటిన పరిశోధకురాలికైనా గేటు తెరవాలి కదా? తెరవరు. 25 తర్వాత మెదడు ఏమవుతుందన్న పరిశోధన ఇంకా మొదలవలేదు. ఆ పరిశోధన చేయాల్సినవాళ్ళకి హాస్టల్లో గది దొరకలేదు.

ఆడపిల్లల భద్రత సాకుతో మగపిల్లలకు లేని ఆంక్షలు హాస్టళ్ళలో పెట్టరాదని యూజీసీ 2016లోనే గెజిట్‌లో అచ్చేసింది. ఢిల్లీ అమ్మాయిలు పింజ్రా తోడ్ (పంజరం పగలగొట్టు) అంటూ హాస్టల్ తాళాల మీద వీధికెక్కింది అంతకు ముందు ఏడాదే. ఆ యూజీసీ నిబంధన మా స్నేహితురాలి హాస్టల్ నోటీసు బోర్డులో కూడా ఉంది. బోర్డుకి అద్దం తలుపుంది, తలుపుకి తాళం ఉంది, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో చెప్పనక్కర్లేదు.

మగవాళ్ళ హాస్టళ్ళలో గేటు గొడవ లేదు. అక్కడ గొడవంతా గది గురించే. ఉస్మానియాలో దానికి ఒక పారిభాషిక పదం ఉంది: నాన్ బోర్డర్. కోర్సు అయిపోయినా గది వదలనివాడు, గదే రాకపోతే దోస్తు గదిలో నేల మీద పరుపేసుకున్నవాడు, మెస్‌లో ఇంకొకడి పేరు మీద తినేవాడు, అందరూ ఆ పదంలోకి వస్తారు. ఏడాదికోసారి అధికారులకు వీళ్ళు గుర్తొస్తారు. "ముప్ఫై దాటిన ముదుర్లు హాస్టళ్ళలో తిష్ఠ వేశారు" అని పత్రికల్లో వస్తుంది. మెస్ బందవుతుంది, కరెంటు పోతుంది, తనిఖీలు జరుగుతాయి. ముదుర్లు మంచం కింద దూరి నాలుగు రోజులు ఆగి మళ్ళీ బయటికొస్తారు.

ఈ ముదుర్లు ఎలా ముదిరారో ఒకసారి వేళ్ళ మీద లెక్కేద్దాం. 2009 చివరి నుంచి ఉస్మానియా హాస్టళ్ళు తెలంగాణ ఉద్యమానికి గుండెకాయ అన్నారు. నాయకులు ఆ గదుల్లో ఆ మంచాల మీదే కూర్చుని చాయ్ తాగారు. "నీ వయసెంత తమ్మీ, నీ కోర్సెప్పుడు అయిపోయింది?" అని అప్పుడు ఏ తమ్మినీ ఎవరూ అడిగిన గుర్తు లేదు. 2014 జూన్‌లో రాష్ట్రం వచ్చింది. అప్పుడు ఎం.ఏ.లో ఉన్న పిల్లవాడి వయసు 22 అనుకుందాం. రాష్ట్రం తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 503 పోస్టులతో 2022 ఏప్రిల్‌లో వచ్చింది. పిల్లవాడికి 30. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశాడు. పేపరు లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్ళీ రాశాడు. ఆ పరీక్షను హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో అసలు నోటిఫికేషన్నే కొట్టేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్ రాశాడు. 32. గడ్డంలో నాలుగు వెంట్రుకలు తెల్లబడ్డాయి, సిలబస్ మాత్రం నల్లగానే ఉంది.

బస్టాపులో నిలబెట్టిందీ ఏలినవాళ్ళే, బస్సులు రద్దు చేసిందీ వాళ్ళే, "ఇంకా ఇక్కడే నిలబడ్డావా, సిగ్గు లేదా?" అంటున్నదీ వాళ్ళే. ఇంకో వినోదం కూడా ఉంది. ఆ 2024 ఫిబ్రవరిలోనే ఉద్యోగాల గరిష్ఠ వయసు 46కి పెంచారు. అంటే అప్పటికి సచివాలయం లెక్కలో మనవాడికి ఇంకా 14 ఏళ్ళ యవ్వనం మిగిలుంది. అక్కడికి పది కిలోమీటర్లు కూడా లేని హాస్టల్ లెక్కలో మాత్రం ఎప్పుడో ముసలాడైపోయాడు.

నాన్ బోర్డర్లందరూ బుద్ధిమంతులని నేననను. ఆసిఫాబాద్ నుంచి ట్రంకు పెట్టె మోసుకొచ్చిన ఫస్టియర్ పిల్లవాడికి మంచం లేకపోవడమూ నిజమే, ఆ మంచం మీద ఎవరో అన్న కాళ్ళు బారజాపుకుని పేపరు చదువుతుండటమూ నిజమే. అన్నకూ తమ్ముడికీ మధ్య ఒక మంచం పడేసి పైనుంచి చూడటం పాలనలో పాత విద్య. ఇంకో హాస్టల్ కడితే ఈ వినోదం పోతుంది.

బయట ఉండొచ్చు కదా అంటారు. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నెట్ ఫెలోషిప్ లేని పరిశోధకుడికి ఇచ్చే ఫెలోషిప్ నెలకి 8,000. 2012లోనూ అంతే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి అదీ లేదు. జేఆర్‌ఎఫ్ 37,000 వచ్చే అదృష్టవంతులు ఉన్నారు, వాళ్ళ వైపు మిగతావాళ్ళు పెళ్ళివారి వైపు చూసినట్టు చూస్తారు. ఉస్మానియా పక్కనున్న తార్నాకలో, హబ్సిగూడలో ఓనరు "పెళ్ళయిందా?" అని అడుగుతాడు. కాలేదంటే బ్యాచిలర్‌కి ఇల్లివ్వడు. అయిందంటే భార్య ఏదని అడుగుతాడు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

ఇక పన్ను కట్టేవారి బాధ ఒకటుంది. 2019లో జేఎన్‌యూలో డబుల్ గది అద్దె నెలకి 10 నుంచి 300కి, సింగిల్‌ది 20 నుంచి 600కి పెంచుతామంటే పిల్లలు రోడ్డెక్కారు. ఊరేగింపులో నెరిసిన గడ్డం కనబడేసరికి దేశమంతా జేబు తడుముకుంది. నా పన్నుతో ఈ ముసలాళ్ళు చదవాలా అని. అలా అన్నవారిలో మా కాలనీ పెద్దమనిషి ఒకరున్నారు. ఆయన కొడుక్కి 33 ఏళ్ళు, అమెరికాలో పీహెచ్‌డీ. "క్యాంపస్‌లోనే ఫ్యామిలీ అపార్ట్‌మెంట్ ఇచ్చారండీ. కోడలూ మనవడూ అక్కడే. ముందు ఉయ్యాలలు కూడా ఉన్నాయి" అని ఫొటోలు చూపిస్తారు. ఆ ఉయ్యాలలకు ఒక చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు చదువు చెప్పించాలని 1944లో అక్కడ చట్టం చేస్తే, వాళ్ళు పెళ్ళాం బిడ్డల్తో సహా కాలేజీలకి వచ్చిపడ్డారు. విశ్వవిద్యాలయాలు సైన్యం వాడి వదిలేసిన రేకుల షెడ్లూ చక్రాల ఇళ్ళూ తెచ్చి క్యాంపస్‌లో పెట్టి కాపురాలు నిలబెట్టాయి. అమెరికాలో చదివే 33 ఏళ్ళవాడు మేధావి. ఇక్కడ చదివే 33 ఏళ్ళవాడు సోమరి. తేడా వీసాలో ఉంది కాబోలు.

మనం ఇంకా గురుకులం దగ్గరే ఉన్నాం. విద్యార్థి అంటే బ్రహ్మచారి. జేఎన్‌యూలో పెళ్ళయిన పరిశోధకులకి మహానది హాస్టల్ ఉంది, అలాంటివి దేశంలో ఇంకొన్ని ఉన్నాయి. మిగతాచోట్ల వివాహిత పరిశోధకుడికున్న వసతి ఒక్కటే: పెళ్ళాన్ని ఊళ్ళో వదిలేసి రావడం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి ఆరేళ్ళు, తిరిగి నమోదు చేసుకుంటే ఇంకో రెండేళ్ళు, ఆడవాళ్ళకు మరో రెండేళ్ళు. మొత్తం పది. ప్రసూతికీ బిడ్డ సంరక్షణకూ 240 రోజుల సెలవు కూడా ఇచ్చారు. దొడ్డ మనసే. 241వ రోజు ఆ బిడ్డని ఎక్కడ పడుకోబెట్టాలో మాత్రం చెప్పలేదు. హాస్టల్ రూల్సులో జవాబు దొరుకుతుంది: అతిథులకు రాత్రి బస లేదు.

2020 జాతీయ విద్యా విధానం వచ్చాక విశ్వవిద్యాలయాల సభల్లో ఒక మంత్రం మారుమోగుతోంది. మల్టిపుల్ ఎంట్రీ, మల్టిపుల్ ఎగ్జిట్. ఎప్పుడైనా రండి, ఎప్పుడైనా వెళ్ళండి, జీవితాంతం చదవండి, మీ క్రెడిట్లు బ్యాంకులో భద్రం. ఓ రోజు ఈ విషయం మీద సదస్సు పెట్టారు. ముఖ్య అతిథి గంటంపావు మాట్లాడారు. సభ తొమ్మిదీ పదికి ముగిసింది. వెనక వరసలో ముందే చెప్పులు చేత పట్టుకుని కూర్చున్న మహిళా పరిశోధకులు హాస్టల్ వైపు పరుగు తీశారు. అక్కడ ఎంట్రీ ఒక్కటే, తొమ్మిదింటికే.

నా స్నేహితురాలి పీహెచ్‌డీ అయిపోయింది. పేరు ముందు డాక్టర్ వచ్చింది. నో డ్యూస్ కోసం వెళితే కాషన్ డిపాజిట్ తిరిగి తీసుకోవడానికి ఇంకో ఫారం ఇచ్చారు. అందులోనూ అదే గడి. నాన్నగారు పోయి అప్పటికి ఏడాదైంది. మరణ ధ్రువపత్రం జిరాక్సు జత చేయమన్నారు. జిరాక్సుల మీద గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ కూడా కావాలన్నారు. ఆ డబ్బు అక్కడే వదిలేసి వచ్చేసింది.

పాత కాలేజీలోనే మళ్ళీ చేరింది. పాత బాధ్యతలూ అప్పగించారు. మొన్న వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు హాస్టల్ ఆఫీసులోనే కూర్చుని మాట్లాడుకుంటున్నాం. హాస్టళ్ళ రూల్సుని ఆమె తిడుతుంటే నేను నవ్వుతున్నాను. బీఈడీ చేస్తున్న ఓ అమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో, ఔట్‌పాస్ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. నా స్నేహితురాలు మాట ఆపకుండానే కళ్ళజోడు పైకి జరుపుకుని కాగితం చూసింది.

"నాన్నగారి సంతకం ఏదమ్మా?" అంది.