డ్యాష్‌బోర్డు రావు

ఆయన అసలు పేరు జీతాల చిట్టాలో ఉంటుంది. ఆఫీసులో మాత్రం అందరికీ డ్యాష్‌బోర్డు రావే. మొదట్లో చాటుగా అనుకునేవాళ్లం. తర్వాత ఆయన చెవినా పడింది, కోప్పడలేదు. చాటుగా ఎందరంటున్నారో, మొహాన ఎందరంటున్నారో పై చార్టు గీయించి దాచుకుని ఉంటారని మా అనుమానం.

మాది బట్టలూ, పచారీ సరుకులూ ఒకే కప్పు కింద అమ్మే కంపెనీ. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దుకాణాలు, హెడ్డాఫీసేమో గచ్చిబౌలిలో ఓ అద్దాల మేడ. నేను కొనుగోళ్ల విభాగంలో పాతకాపుని. రావుగారు ఆరేళ్ల కిందట అమెరికా నుంచి నేరుగా మా అంతస్తులో దిగారు. హోదా ‘హెడ్, బిజినెస్ ఇంటెలిజెన్స్ అండ్ ఎనలిటిక్స్’. ఆ కార్డు చూసి మా గోడౌను సూపర్‌వైజరు, “ఇంటెలిజెన్సా? మన మీద నిఘా పెట్టారా సార్?” అని రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆ మాటని 1958లోనే ఐబీఎంలో హాన్స్ పీటర్ లూన్ అనే ఆయన ఒక వ్యాసానికి పేరుగా పెట్టాడనీ, ఇందులో పోలీసు వ్యవహారం ఏమీ లేదనీ రావుగారు నచ్చజెప్పారు. సూపర్‌వైజరు నమ్మలేదు. తర్వాత జరిగినవి చూస్తే, అతనిదే సరైన అంచనా.

“బాగున్నారా సార్?” అంటే, “దేనితో పోల్చి?” అని అడిగే మనిషి రావుగారు. మా అకౌంటెంటు కూతురి పెళ్లిలో, పక్క వరస విస్తళ్లు కాసేపు పరకాయించి చూసి, “బూరెలకి రిపీట్ రేటు బాగుందండీ, పనసపొట్టు కూర డ్రాపవుట్ ఎక్కువ” అన్నారు. వడ్డించే కుర్రాడు అది పొగడ్తో తిట్టో తెలియక ఆయన విస్తట్లో ఇంకో బూరె వేసిపోయాడు.

ఆయన బల్ల మీద పసుపుపచ్చ బొమ్మ ఏనుగొకటి ఉంటుంది. గుట్టలకొద్దీ డేటాని వందల కంప్యూటర్లకు పంచి నడిపించే హడూప్ అనే సాఫ్టువేరుకి, దాన్ని తయారుచేసిన డగ్ కటింగ్ తన కొడుకు ఆడుకునే బొమ్మ ఏనుగు పేరే పెట్టాడట. దానికి గుర్తు ఇది. ఆ కథ మా అటెండరుకెవరూ చెప్పలేదు. ఏనుగు తల కనిపించింది కదా అని ప్రతి శుక్రవారం దాని ముందు మందార పువ్వు పెడతాడు. రావుగారు వారించబోయి ఆగిపోయారు. ఆ పువ్వు పెట్టిన రాత్రుళ్లు, రెండింటికి నడవాల్సిన డేటా లోడింగు ఒక్కసారి కూడా ఫెయిల్ కాలేదట. “కోరిలేషనే సార్, కారణం కాదు” అన్నారు నాతో. కానీ అటెండరు సెలవు పెట్టిన శుక్రవారం మందారం ఆయనే తెచ్చుకున్నారు.

కొత్తగా ఎవరు చేరినా రావుగారు బీరు, డైపర్ల కథ చెప్పి తీరతారు. సాయంత్రం పూట డైపర్లు కొనడానికొచ్చిన తండ్రులు పనిలోపనిగా బీరు కూడా పట్టుకెళ్తున్నారని కంప్యూటరు కనిపెట్టిందట, షాపు వాళ్లు రెంటినీ పక్కపక్కనే పెట్టి బాగుపడ్డారట. అసలు సంగతి వేరు. 1992లో టెరాడేటా అనే డేటా సంస్థ వాళ్లు ఆస్కో డ్రగ్ అనే అమెరికా షాపులకి, ఓ పాతిక దుకాణాల నుంచి 12 లక్షల బిల్లులు జల్లించి పెట్టారు. సాయంత్రం 5 నుంచి 7 దాకా ఆ రెండూ జతగా పోతున్నాయని తేలింది. షాపు వాళ్లు మాత్రం వాటిని పక్కపక్కన సర్దిన పాపాన పోలేదు. ఈ సంగతి రావుగారికీ తెలుసు. “కథ బాగుంది కదండీ” అంటారు.

అలాంటిది మనమూ ఒకటి కనిపెట్టాలని ఓ వేసవిలో పూనుకున్నారు. నలుగురు కుర్రాళ్లు రెండు నెలలు కూర్చున్నారు. చివరికి మీటింగులో తెర మీద తేలింది: ఆవపిండి కొన్నవాళ్లు పప్పునూనె కూడా కొంటున్నారు. నలభై స్లైడ్లు. నేను మా అమ్మకు ఫోన్‌లో చెబితే, “కారం మాట మర్చిపోయారా?” అంది. మర్చిపోలేదు, అది ముప్ఫై ఏడో స్లైడు.

ఇంతకన్నా ఘనమైనది పుట్టినరోజుల పరిశోధన. మా మెంబర్‌షిప్ కార్డుల్లో నడివయసు వాళ్లలో చాలామంది జూన్, జూలైల్లోనే పుట్టారని ఆయన గమనించారు. గ్రాఫు ఆ రెండు నెలల దగ్గర గోపురంలా లేచింది. తొమ్మిది నెలలు వెనక్కి లెక్కేస్తే దసరా సెలవులొచ్చాయి. ఆయన మొహం వెలిగిపోయింది. ‘పండగ కాలంలో కుటుంబ సాన్నిహిత్యం’ అని నాజూగ్గా ఒక స్లైడు కూడా వేశారు. నేనింక ఉండబట్టలేక చెప్పాను: “సార్, నా కార్డులోనూ జూలై ఒకటే ఉంటుంది. నేను పుట్టింది భోగి నాడు. బడిలో చేర్చేనాటికి అయిదేళ్లు నిండాలి కాబట్టి మా హెడ్మాస్టరుగారు నన్ను జూలైలో పుట్టించారు.” గదిలో ఇంకో ఆరుగురు చేతులెత్తారు. ఎండీగారి చెయ్యి కూడా సగం లేచింది.

సోమవారం మీటింగు సంగతి కొంచెం చెప్పాలి. కిందటి వారం అమ్మకమెంత అంటే మా కంపెనీలో మూడు జవాబులొస్తాయి. సేల్స్ వాళ్లకి బిల్లు కొడితే అమ్మకం. ఫైనాన్సు వాళ్లకి జీఎస్టీ, వాపసులూ పోగా మిగిలిందే అమ్మకం. ఆన్‌లైన్ కుర్రాళ్లకి ఎవరో ఫోన్‌లో ‘ఆర్డర్’ నొక్కితే చాలు, పండగే. ఈ గొడవ తీర్చడానికి రావుగారు ఏడాదిపాటు కష్టపడి, కంపెనీ అంతటికీ ఒకే నిజం అని పేరు పెట్టి ఒక డ్యాష్‌బోర్డు కట్టారు. అప్పట్నుంచీ మాకు నాలుగు జవాబులు.

ఆ డ్యాష్‌బోర్డు నిజంగా ముచ్చటగా ఉంటుంది. దుకాణం మీద నొక్కితే అల్మారా, అల్మారా మీద నొక్కితే సబ్బు. కానీ మా మేనేజర్లందరూ దాన్ని తెరిచి మొట్టమొదట నొక్కేది మూలనున్న ‘ఎక్సెల్‌లోకి దించు’ అన్న మీట. దించుకుని, అట్టలు కట్టిన పాత ఫైల్లో అతికించుకుని, తమ లెక్క తాము వేసుకుంటారు. అది చూసినప్పుడల్లా రావుగారికి ప్రాణం ఉసూరుమంటుంది. అప్పుడాయన ఇంగ్లండు కథ ఎత్తుకుంటారు: 2020లో అక్కడ కోవిడ్ లెక్కల్ని పాత రకం ఎక్సెల్ ఫైల్లోకి దించారు. దాన్లో 65,536 వరసలకు మించి పట్టవు. పట్టని 15,841 కేసులు కొన్నాళ్లపాటు లెక్కకే రాకుండా పోయాయి. మా మేనేజర్లు గుండెలు బాదుకుంటూ విని, “మనది కొత్త ఎక్సెలే కదండీ, పది లక్షల పైచిలుకు పడతాయి” అని మళ్లీ అదే మీట నొక్కుతారు.

ఇంతా చెప్పి ఆయన్ని వట్టి వెర్రిబాగులవాడిగా నిలబెడితే నా కళ్లు పోతాయి. 2023 సంగతి వినండి. అంతకు ముందటేడు ఆగస్టులో శ్రావణమాసం, పెళ్లిళ్లు, వరలక్ష్మీవ్రతం, పట్టుచీరలు జోరుగా పోయాయి. ఆయన మోడలు అది చూసి, ఆగస్టు మొదటి వారానికల్లా దుకాణాల్లో పట్టుచీరలు దింపమంది. దింపాం. రాజమండ్రి మేనేజరు ఫోన్ చేశాడు. “ఇది అధిక శ్రావణం కదండీ. పెళ్లిళ్లుండవు, వ్రతం నిజ శ్రావణంలో. ఈ చీరలు ఎవరికి కట్టమంటారండీ?”

రావుగారు చాలాసేపు మాట్లాడలేదు. (ఆ మేనేజరూ తక్కువ తినలేదు. రెండు గదుల నిండా అమ్ముడుపోని గొడుగులు పెట్టుకుని, వానలు రానివ్వండి రానివ్వండి అంటూ మూడేళ్లు నెట్టుకొచ్చిన ఘనుడు. ఆ గొడుగుల్ని బయటికి లాగింది రావుగారి గ్రాఫే.) ఆ సాయంత్రం కోఠీ వెళ్లి పంచాంగం కొనుక్కొచ్చారు. వారం తిరిగేసరికి డేటాలో మాసం, తిథి, మూఢం అని మూడు కాలమ్‌లు చేరాయి. అప్పట్నుంచీ అంచనాలు బాగా కుదిరాయి. బెంగళూరు నుంచి వచ్చిన కన్సల్టెంటు కుర్రాడు ‘శుక్ర మూఢం’ దగ్గర వేలు పెట్టి, ఇదేం వేరియబుల్ అని అడిగితే, రావుగారు కళ్లద్దాలు సవరించుకుని ముప్పావుగంట చెప్పారు. ఇప్పుడు మా ఆఫీసులో గృహప్రవేశాలకీ, అన్నప్రాశనలకీ మంచిరోజు ఆయన్నే అడుగుతున్నారు.

ఆ సిద్ధాంతి హోదా పూర్తిగా అర్థమైంది మాత్రం కిందటి నెల్లోనే. ఊరి చివర ఓ స్థలంలో కొత్త దుకాణం పెట్టాలని ఎండీగారు అప్పటికే నిశ్చయించేశారు. స్థలం వాళ్ల వియ్యంకుడిదని అటెండరుతో సహా అందరికీ తెలుసు. “డేటా ఏమంటుందో చూడండి” అని రావుగారికి పంపారు. పెళ్లికి హాలు దొరికిన తారీకు చెప్పి, అదే రోజుకి ముహూర్తం పెట్టమని సిద్ధాంతిగారి దగ్గర కూర్చుంటామే, అచ్చం అలాగ.

రావుగారు చుట్టూ మూడు కిలోమీటర్ల జనాన్ని లెక్కేసి, తెర మీద ఎర్రంకె చూపించారు. లాభం లేదన్నారు. ఎండీగారు నవ్వుతూ, “ఇంకోసారి చూడండి” అన్నారు. ఆ రాత్రి ఎనిమిదింటికి నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. ఆయన మ్యాపు మీద వృత్తాన్ని మౌసుతో మెల్లగా లాగుతున్నారు. నాలుగు. ఎరుపే. అయిదు. ఎరుపే. ఆరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ లోపలికొచ్చింది, అంకె నారింజ రంగుకి తిరిగింది. ఏడు దగ్గర కొత్త అపార్టుమెంట్లు వరసగా వచ్చిపడ్డాయి. అంకె పచ్చబడింది. ఆయన మౌసు మీంచి చెయ్యి తీసి, వేళ్లు విరుచుకున్నారు.

“ఆ అపార్టుమెంట్లకీ మన స్థలానికీ మధ్య పెద్ద చెరువుంది కదా సార్,” అన్నాను. “అటునుంచి రావాలంటే చుట్టూ తిరిగి రావాలి.”

రావుగారు మ్యాపు వంక ఒకసారి, ఏనుగు ముందు వాడిపోయిన మందారం వంక ఒకసారి చూశారు.

“చెరువుకి కాలమ్ లేదండీ,” అని ల్యాప్‌టాప్ మూసేశారు.