పానా పట్టే చెయ్యి పక్కింటిదై ఉండాలి

తెలుగునాట నమ్మకమైన మెకానిక్ దొరకడం లేదని వాపోని ఇల్లు లేదు. కొడుకు మెకానిక్ అవుతానంటే గుండెలు బాదుకోని ఇల్లూ లేదు. ఈ రెండు బాధలూ ఒకే ఇంట్లో, ఒకే సోఫాలో పక్కపక్కనే కూర్చుని కాఫీ తాగుతాయి. ఇన్నేళ్లలో ఒకదాన్నొకటి పలకరించుకున్న పాపాన మాత్రం పోలేదు.

పదో తరగతి గట్టెక్కిన కుర్రాడు ఓ పూట అన్నం తింటూ "నాన్నా, ఐటీఐలో మోటార్ మెకానిక్ చేరతా" అన్నాడనుకోండి. ముద్ద గొంతు దిగకముందే కుటుంబ మహాసభ మొదలవుతుంది. తాతయ్య అధ్యక్షుడు, మేనమామ ముఖ్య వక్త, పెద్దమ్మ ప్రత్యేక ఆహ్వానితురాలు, ఏ చుట్టరికమూ లేని ఎదురింటాయన గౌరవ అతిథి. కుర్రాడికి సభలో మాట ఉండదు, వచ్చినవాళ్లకు మంచినీళ్లు అందించే పని ఉంటుంది. వాడికి బండ్లంటే ఇష్టమా, చేతిలో పనితనం ఉందా, ఎండలో నడుం వంచి కూర్చోగలడా అన్నవి చర్చకు రావు. అవి వృత్తికి సంబంధించిన విషయాలు. ఇక్కడ తేల్చాల్సింది పరువు.

మొదటి అంశం, "నలుగురూ ఏమనుకుంటారు?" ఆ నలుగురి పేర్లు ఏ రేషన్ కార్డులోనూ లేవు, కానీ ప్రతి ఇంటి నిర్ణయంలోనూ వాళ్లకో ఓటు ఉంది. తమ బండి సెల్ఫ్ పడక, కిక్కు కొట్టికొట్టి కాలు లాగేసినప్పుడు ఆ నలుగురూ దాన్ని తోసుకుంటూ పోయేది మెకానిక్ షెడ్డుకే. అక్కడ మాత్రం "అన్నా, కాస్త తొందరగా చూడన్నా" అంటారు. పని అయ్యేదాకా అన్న, అయ్యాక మెకానిక్, ఆ సాయంత్రం సంబంధాల మాటొస్తే "వాడా, షెడ్డులో పనిచేస్తాడు లెండి."

రెండో అంశం, "పిల్లనెవరిస్తారు?" ఈ ప్రశ్నకు తెలుగు సినిమా ఎప్పుడో జవాబిచ్చేసింది. 1993లో 'మెకానిక్ అల్లుడు' అని పేరు పెట్టి చిరంజీవిని నిలబెడితే ఈలలు వేశాం. 2016లో 'జనతా గ్యారేజ్' చూసి చొక్కాలు చింపుకున్నాం. ఆ గ్యారేజీలో బండ్లకన్నా మనుషులకే రిపేర్లు ఎక్కువ జరిగినా మనకేం అభ్యంతరం లేకపోయింది. 2024లో 'మెకానిక్ రాకీ' కూడా వచ్చి వెళ్లాడు. ముప్పై ఏళ్లుగా చప్పట్లు కొట్టిన మామలంతా హాలు బయటికి రాగానే సాఫ్ట్‌వేర్ అల్లుడి కోసం వెతుక్కున్నారు. తెర మీది మెకానిక్ బుగ్గన ఒక్కటే నల్లగీత ఉంటుంది, దాన్ని మేకప్‌మ్యాన్ కొలత పెట్టి గీస్తాడు. షెడ్డులో మెకానిక్‌కి ఆ నలుపు గోళ్ల సందుల్లో ఉంటుంది. సర్ఫు, రంపపు పొట్టు కలిపి రుద్దినా పోదు. పెళ్లిచూపుల్లో ముందు చూసేది ఆ గోళ్లనే. బ్యాంకు పాసుబుక్కు ఎంత బరువున్నా గోళ్ల ముందు తేలిపోతుంది.

ఇక మేనమామ ప్రత్యామ్నాయ తీర్మానం ప్రవేశపెడతాడు. "హాయిగా బీటెక్ చదివించండి బావా!" హాయి నిజంగానే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇంజనీరింగ్ కాలేజీలు పెరిగి పెరిగి ఒక దశలో ఏడు వందలు దాటాయి. ప్రతి మండలానికీ ఇంజనీర్లు తయారయ్యారు, బోరు మోటారు కాలితే చూసేవాడు మాత్రం పక్క మండలం నుంచి రావాల్సి వచ్చింది. ఇప్పుడు సీట్లలో పెద్ద వాటా కంప్యూటర్ సైన్సుది, దాని తోబుట్టువులది. ఎవరైనా మొండివాడు మెకానికల్‌లో చేరినా ప్రమాదం లేదు. నాలుగేళ్లు థర్మోడైనమిక్స్ సూత్రాలు బట్టీ పట్టి, వర్క్‌షాపులో రికార్డు పక్కవాడిది చూసి రాసి, అమీర్‌పేటలో ఓ కోర్సు చేసి, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో తేలతాడు. ఈ దారి పొడవునా చేతికి గ్రీజు చుక్క అంటదు కాబట్టి దీన్ని అభివృద్ధి అంటాం. ఇంజన్ మీద పట్టా పుచ్చుకున్న ఈ బిడ్డ బండి ఆగిపోతే ముందు పెట్రోలుందా లేదా చూస్తాడు, తర్వాత ఫోన్ తీస్తాడు. ఫోన్ ఎవరికి వెళ్తుందో చెప్పనక్కర్లేదు.

సభ ఇలా సాగుతుండగా డాలస్ నుంచి బాబాయి వీడియో కాల్‌లోకి వస్తాడు. అమెరికాలో ఉన్నాడు కాబట్టి ఆయనకు శ్రమ గౌరవం గురించి తెలుసు. "మీరింకా మారలేదన్నయ్యా, ఇక్కడ మెకానిక్ అంటే ఎంత విలువో! చేరనివ్వండి వాణ్ణి." నిజమే. అక్కడ వర్క్‌షాపులో గంటకు వంద డాలర్ల పైనే లేబర్ అడుగుతారు, బాబాయి నోరెత్తకుండా కార్డు గీకుతాడు. సంక్రాంతికి ఊరొచ్చి నాన్నగారి పాత స్కూటర్ చేయించినప్పుడు మాత్రం మూడొందల యాభై లేబర్ చూసి కళ్లు తేలేస్తాడు. "రెండొందలు తీసుకోవయ్యా, ఊరివాణ్ణి కదా" అంటాడు. శ్రమ గౌరవం కస్టమ్స్ దగ్గర ఆపేశారేమో, ఆయన సూట్‌కేసులో మాత్రం రాలేదు. అక్కడి మెకానిక్ పనిముట్లు చాలావరకు సొంత డబ్బుతోనే కొనుక్కుంటాడనీ, చాలాచోట్ల పనికింత అని లెక్కగట్టే జీతమిస్తారనీ, బండ్లు రాని వారం జేబు ఖాళీ అనీ బాబాయి చెప్పడు. ఆయనకు తెలియదు, ఎందుకంటే ఎప్పుడూ అడగలేదు. మీ అబ్బాయేం చదువుతున్నాడని ఇటునుంచి ఎవరైనా అడిగితే సిగ్నల్ బలహీనపడుతుంది. కంప్యూటర్ సైన్స్ అన్న ముక్క మాత్రం స్పష్టంగా వినిపిస్తుంది.

బేరం విషయంలో బాబాయినొక్కణ్ణే అనడం అన్యాయం. కంపెనీ సర్వీస్ సెంటర్లో ఏసీ గదిలో కూర్చోబెట్టి, ఓ కాగితం కప్పులో కాఫీ పోసి, లేబరనీ వాషింగనీ మరేదో అనీ వరసలు కట్టి, పైన 18 శాతం జీఎస్టీ తగిలించి బిల్లిస్తే మనం వంగి సంతకం పెట్టి థ్యాంక్యూ చెప్పి వస్తాం. అదే రోడ్డు పక్క రేకుల షెడ్డులో మేస్త్రి ఇంజన్ శబ్దం విని, టాపెట్లా టైమింగ్ చెయినా అన్నది విప్పకుండానే తేల్చి, అరగంటలో బండి చేతికిస్తే, "ఇంత చిన్న పనికి రెండొందలా?" అంటాం. పని తొందరగా అయిపోవడం ఆయన నేరం. తెలివైనవాడైతే బండిని సాయంత్రం దాకా స్టాండు మీదే ఉంచి, కనీసం సీటైనా ఊడదీసి పక్కన పెట్టి ఉండేవాడు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు వేల బండ్లు నీళ్లు తాగాయి. నీరు తీశాక ఆ వీధుల్లో ఎవరికీ కోడింగ్ వచ్చినవాడితో పని పడలేదు. ఎయిర్ ఫిల్టర్ విప్పి, ప్లగ్గు ఆరబెట్టి, నీళ్లు కలిసిన ఆయిల్ దించేవాడు కావాలి. అలాంటి వారం మెకానిక్‌ని అందరూ 'గారు' అంటారు. వరద తగ్గిన వారానికి ఆ గారూ తగ్గిపోతుంది.

ప్రభుత్వాల సంగతీ చూద్దాం, లేకపోతే అవి చిన్నబుచ్చుకుంటాయి. ఐటీఐలలో వృత్తి శిక్షణ పథకం 1950 నాటిది. అప్పటినుంచి ప్రతి నాయకుడూ నైపుణ్యమే దేశానికి వెన్నెముక అంటూనే ఉన్నాడు, మోటార్ మెకానిక్ కోర్సు ఇప్పటికీ రెండేళ్లలో పూర్తవుతూనే ఉంది. చాలా ఐటీఐల్లో పిల్లలు విప్పి నేర్చుకునే ఇంజన్ వాళ్ల సీనియర్లకీ, వాళ్ల సీనియర్లకీ గురువు. ఆ మోడల్ రోడ్డెక్కడం మానేసి ఎన్నేళ్లయిందో దానికే గుర్తుండదు. ఈమధ్య తెలంగాణలో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు. మంచి పనే, సందేహం లేదు. రిబ్బను కత్తిరించే చేతుల్లో ఒక్కటైనా సొంత పిల్లాడి దరఖాస్తు మీద సంతకం పెడుతుందా అని అడగడం మర్యాద కాదు కాబట్టి అడగను. కోర్సు ముగిసి అప్రెంటిస్‌గా వెళ్తే 2019 నిబంధనలు చదువును బట్టి నెలకు 5,000 నుంచి 9,000 రూపాయల కనీస స్టైపెండ్ ఖాయం చేశాయి. హైదరాబాద్‌లో గది అద్దె, మెస్సు కట్టాక మిగిలేదాన్ని దేశ నిర్మాణం అనుకోవాలి.

2023లో కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం తెచ్చింది. 18 చేతివృత్తులకు గుర్తింపు, శిక్షణ, రుణం. పడవలు చేసేవారున్నారు, బొమ్మలు చేసేవారున్నారు, ఆయుధాలు చేసేవారు సైతం ఉన్నారు. మెకానిక్ లేడు. సంప్రదాయ వృత్తులకే అని జవాబొస్తుంది. తాత లారీ ఇంజన్ దించాడు, తండ్రి అంబాసిడర్ దించాడు, మనవడు స్కూటీ దించుతున్నాడు, అయినా సంప్రదాయం కాలేదు. యుద్ధానికి కత్తి కావాలేమో గానీ, ఆఫీసుకు పోవడానికి మాత్రం బండే కదండీ కావాలి.

కంపెనీలు మరీ ఘనమైనవి. రోడ్డుపక్క మెకానిక్‌కి కొత్త బండ్ల పని రాదని చెప్పేది వాళ్లే, రాకుండా చూసేదీ వాళ్లే. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలూ, లోపం కనిపెట్టే పరికరాలూ బయటి మెకానిక్‌లకు అందకుండా చేశారన్నది నేరం. కంపెనీలు కోర్టుల మెట్లెక్కాయి. 2022లో ప్రభుత్వం రిపేరు హక్కు కోసం ఓ పోర్టల్ కూడా తెరిచింది. ఈలోగా 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చి కొత్త బండ్లలోంచి కార్బొరేటర్‌ని చాలావరకు సాగనంపింది. స్క్రూడ్రైవర్‌తో గాలీ పెట్రోలూ సరిచేసే చెవి చాలదు, సెన్సర్ల గోడు వినే స్కానర్ కావాలి. వెనకాలే ఎలక్ట్రిక్ బండి వచ్చింది. దాన్లో విప్పడానికి పిస్టనూ లేదు, క్లచ్చు ప్లేట్లూ లేవు. ఇదంతా చెప్పి కుర్రాణ్ణి భయపెట్టొచ్చు. భయపెట్టేవాళ్లు ఓ ముక్క మింగేస్తారు. పాత బండ్లు రేపటికి మాయం కావు, కొత్త బండ్లూ చెడిపోకుండా ఉండవు. కరెంటూ సర్క్యూటూ చదవగల మెకానిక్‌కి ఇకముందే ఎక్కువ పని.

వృత్తి భక్తులకూ ఓ వడ్డన మిగిలుంది. "చదువెందుకండీ దండగ, మా వీధి మెకానిక్ నెలకు లక్ష తెస్తాడు" అనే రీలు రాయుళ్లు ఉన్నారే, వాళ్లు ఆ మెకానిక్ మోకాళ్లను ఎప్పుడూ వీడియో తీయరు. సైలెన్సర్ కాల్చిన ముంజేయి, యాభై ఏళ్లకే పట్టేసిన నడుం, పీఎఫ్ లేని ముసలితనం, రోడ్డు వెడల్పు చేస్తే గంటలో నేలమట్టమయ్యే షెడ్డు, "రేపిస్తా అన్నా" అని వెళ్లిన గిరాకీల ఖాతా పుస్తకం, ఇవేవీ ఫ్రేములో పట్టవు. ఇక ఉస్తాద్‌లున్నారు. "నేను పదేళ్లకే పానా పట్టా" అని గర్వంగా చెప్పి మరో పదేళ్ల పిల్లాడి చేత కిరోసిన్‌లో చెయిన్లు కడిగిస్తారు. జీతం టీ, బన్ను. పని నేర్పడం ఉండదు, చూసి దొంగిలించుకోవాలి. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఇలా పనిలో పెట్టకూడదని 2016 సవరణతో చట్టం గట్టిగానే చెప్పింది. ఆ షెడ్డుకే బండి తెచ్చిన పెద్దమనుషులు "ఒరే చిన్నా, టైరు కాస్త తుడవరా" అని చట్టానికి తమ వంతు సహకారం అందిస్తారు.

కాబట్టి మెకానిక్ కావడం గొప్పా, తక్కువా అన్న ప్రశ్నే పనికిమాలినది. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఆగిపోయిన ఫ్యాను కనిపిస్తే వాడి చెయ్యి ఊరుకుంటుందా? తప్పు దొరకనప్పుడు పానా విసిరేస్తాడా, మళ్లీ మొదటి నట్టు నుంచి వెతుకుతాడా? వైరింగ్ బొమ్మ ముందేసుకుని గంటసేపు కూర్చోగలడా? మార్చని పార్టుకు డబ్బులు తీసుకోకుండా ఉండగలడా? రెండేళ్లు ఐటీఐ, మరికొన్నేళ్లు మంచి వర్క్‌షాపు, ఆ తర్వాత సొంత షెడ్డా, కంపెనీ ఉద్యోగమా అన్న లెక్క వాడి దగ్గరుందా? నడుం సంగతి ఎవరైనా దాచకుండా చెప్పారా?

వీటన్నిటికీ జవాబులు ఆ కుర్రాడి దగ్గరే ఉన్నాయి, అందుకే మహాసభ ఒక్కటీ అడగదు. అడిగితే నిర్ణయం వాడిదైపోతుంది, పెద్దలకు మిగిలేది ఫీజు కట్టడమే. చుట్టాల ముందు చెప్పుకుందామంటే సర్కారు ఐటీఐ ఫీజు మరీ తక్కువాయె!