ఒకటింబావు మనిషి

మా లిఫ్టులో బటన్ల పక్కన ఒక రేకు బిగించి ఉంది. దానిమీద ‘ఆరుగురు, 408 కిలోలు’ అని ఉంటుంది. అంటే మనిషికి 68 కిలోల లెక్క. ఆ లెక్కన నేను ఒకటింబావు మనిషిని. పైనున్న పావు మనిషి తగ్గాలంటే లిఫ్టు మానేసి మెట్లెక్కమన్నాడు డాక్టరు. మాది మూడో అంతస్తే. కానీ ఆ మాట ఆయన మా ఆవిడ ఎదురుగా అనకుండా ఉండాల్సింది.

అప్పట్నుంచి నేను పాల ప్యాకెట్ తెచ్చినా, తలుపు తీస్తూనే ఆవిడ ప్యాకెట్ చూడదు, నాకు ఆయాసం వస్తోందా లేదా అని చూస్తుంది. అందుకని లిఫ్టు దిగి, గుమ్మం ముందు కాసేపు రొప్పి, అప్పుడు బెల్లు కొడుతున్నాను. రొప్పడం మాత్రం కష్టం కాదా?

ఓసారి దొరికిపోయి సైన్సును అడ్డం పెట్టుకున్నాను. ‘‘చూడవోయ్, లిఫ్టుకి అటువైపు ఎదురు బరువు వేలాడుతుంటుంది. ఖాళీ లిఫ్టు బరువుకి, అది మోయగలిగే బరువులో దాదాపు సగం కలిపి పెడతారు. నేనొక్కణ్ణే ఎక్కితే ఆ బరువే కిందికి దిగుతూ నన్ను పైకి లాగేస్తుంది. ఒంటరిగా దిగేటప్పుడే మోటారుకి చాకిరీ. నేను పైకి లిఫ్టులో రావడం వల్ల కరెంటు పెద్దగా ఖర్చవదు.’’

‘‘అయితే దిగేటప్పుడైనా మెట్లు దిగుతున్నారా?’’

‘‘దిగడం మోకాళ్ళకి మంచిది కాదుట.’’

‘‘అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినప్పుడు ఈ మోకాళ్ళు ఎక్కడికెళ్ళాయండీ?’’

ఎక్కడికీ వెళ్ళలేదు. గాలిగోపురం వచ్చేదాకా ప్రతి మెట్టు మీదా పలకరిస్తూనే ఉన్నాయి. కానీ అక్కడ ఒక ముసలావిడ, మెట్టు మెట్టుకీ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, లేచి, మళ్ళీ వంగి, నన్ను దాటి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నేనెక్కింది భక్తితో కాదు, పరువు కోసం. మా మెట్ల మీద నన్ను చూసేదెవరు? చెప్పుల స్టాండు, గాలిపోయిన సైకిలు. పైగా కొండమీద లడ్డూ ఉంది. మూడో అంతస్తులో రాగిజావ ఉంది.

అసలు పరువు పోయింది మొన్న. మాది పాత మడతగేటు లిఫ్టు. ఐదో అంతస్తులో ఎవరో గేటు సరిగా వెయ్యకుండా పోయారు. ‘‘దయచేసి తలుపు వేయండి’’ అని లోపలి అమ్మాయి ఆగకుండా ప్రాధేయపడుతోంది. నేను కింద నిలబడి బటను నొక్కీ నొక్కీ, చివరికి వాచ్‌మన్‌ని కేకేశాను. అతను గబగబా మెట్లెక్కి వెళ్ళి గేటు వేసొచ్చాడు. లిఫ్టు వచ్చింది. దర్జాగా ఎక్కాను.

మా ఆవిడ మూడో అంతస్తు పిట్టగోడ దగ్గర నిలబడి ఇదంతా చూసింది. ‘‘మీరు మూడంతస్తులు ఎక్కకుండా ఉండటానికి అతను ఐదంతస్తులు ఎక్కాడండీ’’ అంది. ఆ పూట రొప్పినా లాభం లేకపోయింది.

మొన్నటి అసోసియేషన్ మీటింగులో గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళు లిఫ్టు మెయింటెనెన్స్ మేమెందుకు కట్టాలని గొడవపెట్టారు. న్యాయమైన మాటే. ఎక్కడైనా గ్రౌండ్ ఫ్లోర్‌లో ఫ్లాటు అమ్మకానికుంటే నాకు కాస్త కబురు చెయ్యండి. వాస్తు అటూ ఇటూ అయినా సర్దుకుపోతాను.