టెండరులో ఒకరు, పనిలో మరొకరు

కెనడాలోని సర్రీలో ప్రభుత్వ టెక్నాలజీ కాంట్రాక్టుల జాడ కనిపించే చోట్లు ముఖ్యంగా రెండు. ఒకటి దక్షిణాన అమెరికా సరిహద్దు మీదున్న పీస్ ఆర్చ్, పసిఫిక్ హైవే చెక్‌పోస్టులు. ఇంకొకటి కింగ్ జార్జ్ బులవార్డ్ మీదున్న కెనడా రెవెన్యూ ఏజెన్సీ కార్యాలయం. చెక్‌పోస్టుల దగ్గర కోవిడ్ కాలంలో ప్రయాణికులు వివరాలు నింపే అరైవ్‌క్యాన్ యాప్ పనిచేసింది. రెవెన్యూ ఏజెన్సీ ఉద్యోగులకు ఫీనిక్స్ సాఫ్ట్‌వేర్ జీతాలు లెక్కగడుతోంది. ఇక్కడ క్రియాపదాలన్నీ ప్రభుత్వ అర్థంలో వాడినవి.

ఈ రంగంలో పోటీ లేదనడం అన్యాయం. పోటీ భేషుగ్గా ఉంది. సాఫ్ట్‌వేర్ రాసేవాడికీ, డబ్బిచ్చే సర్కారుకూ మధ్యనున్న జాగా కోసం. జాగా ఇరుకే గానీ రాబడి విశాలం.

ఆ జాగాను ఏ దళారీ కష్టపడి కనిపెట్టలేదు. నిబంధనలే చదును చేసి ఇచ్చాయి. ఒట్టావాలోని ఫెడరల్ ప్రభుత్వ పనులకు చాలామటుకు ముందే అర్హత పొందిన సరఫరాదారుల జాబితా నుంచే పిలుపు వెళుతుంది. భద్రతా అనుమతి కావాలి. అది కావాలంటే సంస్థ తరఫున ప్రభుత్వ శాఖో, ఇప్పటికే అనుమతి ఉన్న కంపెనీయో సిఫారసు చేయాలి. సిఫారసు చేయాలంటే చేతిలో పని ఉండాలి. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు. సర్రీలోని న్యూటన్‌లోనో ఫ్లీట్‌వుడ్‌లోనో కొత్తగా బోర్డు కట్టిన చిన్న సంస్థ ఈ చక్రంలో కొన్నాళ్లు తిరిగి, చివరికి అనుమతి ఉన్న పెద్ద సంస్థ కింద సబ్ కాంట్రాక్టరుగా చేరుతుంది. కొన్నాళ్లకు దాని కింద ఇంకొకరు చేరతారు. నిష్పక్షపాతం కోసం రాసిన నియమాలకు పుట్టిన సంతానం ఈ అంతస్తులు.

అట్టడుగు అంతస్తులో ప్రోగ్రామర్ ఉంటాడు. చాలాసార్లు అతడే ఒక కంపెనీ. బ్రిటిష్ కొలంబియాలో పేరు ఆలోచించే తీరిక లేని కంపెనీకి ప్రభుత్వమే ఒక అంకె ఇస్తుంది, దాని చివర ‘బీ.సీ. లిమిటెడ్’ అని చేరుతుంది. ఆ అంకె పేరిట ఇన్‌వాయిస్ పైకి ఎక్కుతుంది, ప్రతి మెట్టు మీదా బరువు పెరుగుతుంది. అమీర్‌పేట మొదలు న్యూజెర్సీ దాకా వెండర్ లేయర్లు, బిల్ రేట్లు, బెంచి బతుకులు ఎరిగిన తెలుగువారికి ఇందులో వింతేమీ లేదు. వింత చివర్లో ఉంది. ఆ ఏకసభ్య కంపెనీ నిజానికి కంపెనీ కాదనీ, మారువేషంలో ఉన్న ఉద్యోగి అనీ తేల్చి, చిన్న వ్యాపారాలకిచ్చే పన్ను రాయితీ తీసేసే అధికారం రెవెన్యూ ఏజెన్సీకి ఉంది. అడుగు మెట్టు మీద మారువేషం పన్నుకు గురవుతుంది. పై మెట్ల మీద దానికి కమీషన్ వస్తుంది.

పోటీకి ముడిసరుకు రెజ్యూమె. ఫెడరల్ టెండర్లలో పదేళ్లు, ఆ పైన అనుభవం ఉన్నవాడు మూడో లెవెల్. ఏ ప్రాజెక్టులో ఎన్ని నెలలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది గడులు గీసి చూపాలి. గడి నిండితే మార్కు, ఖాళీగా ఉంటే బిడ్ మొత్తం చెత్తబుట్టకు. కాబట్టి బిడ్ రాసే నిపుణుడు ప్రోగ్రామర్ కన్నా విలువైన మనిషి. ఆంధ్రప్రదేశ్ 2019లో రివర్స్ టెండరింగ్ తెచ్చి ధరను కిందికి లాగుతానంది, 2024లో దాన్ని ఎత్తేసింది. ఇక్కడ ధరతో పాటు జాతకాన్నీ తూస్తారు. జాతకం ఎవరిది, తాళి కట్టేది ఎవరు అన్నది తరవాతి సంగతి. అరైవ్‌క్యాన్ కాంట్రాక్టులను పరిశీలించిన ఫెడరల్ ప్రొక్యూర్‌మెంట్ ఆంబుడ్స్‌మన్ 2024 జనవరిలో తేల్చిందేమిటంటే, వర్తించే కాంట్రాక్టుల్లో సుమారు 76 శాతంలో, గెలిచిన బిడ్‌లో చూపిన మనుషుల్లో కొందరో అందరో ఆ పనిని అసలు ముట్టుకోలేదు.

అరైవ్‌క్యాన్ కథ ఈ రంగానికి పాఠ్యపుస్తకం లాంటిది. 2020 ఏప్రిల్‌లో మొదటి రూపానికి అయిన ఖర్చు దాదాపు 80,000 డాలర్లు. 2021 ఫిబ్రవరి నుంచి రోడ్డు మార్గంలో వచ్చేవారికీ తప్పనిసరి అయింది. సరిహద్దు తిరిగి తెరిచాక రెడ్‌మండ్‌లో చుట్టాలను చూసి సర్రీకి తిరిగొచ్చే కుటుంబం కారులో కూర్చుని దాన్ని నింపాల్సి వచ్చేది. 2022 అక్టోబరు 1న తప్పనిసరి తీసేశారు. ఈలోగా 177 వెర్షన్లు వచ్చాయి. వాటిలో ఒకటి, 2022 జూన్ చివర్లో వచ్చినది, దాదాపు 10,000 మంది ప్రయాణికులను అకారణంగా క్వారంటైన్‌లో ఉండమంది. ఆ అక్టోబరులోనే టొరంటో టెక్ కంపెనీలు కొన్ని సెలవు వారాంతంలో అలాంటి యాప్‌నే తయారుచేసి చూపించాయి. టెండరు లేదు, గడులు లేవు కనుక వాటి శ్రమను లెక్కలోకి తీసుకోవడం కుదరదు.

ఆడిటర్ జనరల్ కేరన్ హోగన్ 2024 ఫిబ్రవరిలో ఖర్చును 5 కోట్ల 95 లక్షల డాలర్లుగా అంచనా వేశారు. అంచనా అనడం ఎందుకంటే, రికార్డులు అంతకు మించి సహకరించలేదు. బయటి మనిషికి రోజుకు సగటున 1,090 డాలర్లు, అదే పని చేసే ప్రభుత్వ ఉద్యోగికి 675. మొత్తం ఖర్చులో పెద్ద వాటా, సుమారు 1 కోటి 91 లక్షలు, జీసీ స్ట్రాటజీస్ అనే సంస్థది. సంస్థ అంటే ఇద్దరు మనుషులు. పని తెలిసినవారిని వెతికి తెచ్చినందుకు తమ వాటా 15 నుంచి 30 శాతమని పార్లమెంటు కమిటీకి చెప్పారు. 2022లో 2 కోట్ల 50 లక్షల డాలర్ల టెండరు వచ్చింది. దానికి అర్హతలు ఎలా ఉండాలో రాయడంలో ఆ సంస్థ చేయి ఉందని ఆడిట్ పేర్కొంది. బిడ్ వేసింది ఆ ఒక్క సంస్థే. ప్రశ్నపత్రం తయారీలో పాలుపంచుకున్న విద్యార్థికి ఫస్టు ర్యాంకు రావడం విశేషం కాదు. హాల్లో రెండో విద్యార్థి లేకపోవడమే విశేషం.

పెద్ద సంస్థల తీరు వేరు. అవి తక్కువ అంకెతో తలుపు తట్టి, సవరణలతో ఇల్లంతా పరుచుకుంటాయి. ఐబీఎం 2011లో గెలుచుకున్న ఫీనిక్స్ కాంట్రాక్టు 57 లక్షల డాలర్లతో మొదలై 18 కోట్లు దాటింది. ఇందులో కంపెనీని మాత్రమే తప్పుపట్టలేం. తయారీకి 27 కోట్ల 40 లక్షలు అవుతుందని 2012లో ఐబీఎం చెప్పింది. అధికారుల చేతిలో ఉన్నది 15 కోట్ల 50 లక్షలు. వాళ్లు బడ్జెట్ పెంచమని అడగలేదు, సాఫ్ట్‌వేర్‌ను తగ్గించారు. తీసేసినవాటిలో అరియర్స్ లెక్కలూ ఉన్నాయి. ఏటా 7 కోట్లు మిగులుస్తుందన్న ఆ వ్యవస్థ 2016లో మొదలై, కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ, కొందరికి సున్నా చెల్లించింది.

నగరం, రాష్ట్రం స్థాయిలో ఆట చిన్నది. సేవల కాంట్రాక్టు 75,000 డాలర్లు చేరితే పశ్చిమ రాష్ట్రాల వాణిజ్య ఒప్పందం ప్రకారం సర్రీ నగరపాలిక బహిరంగ టెండరు పిలవాలి. గీత తప్పించుకోవడానికి పనిని ముక్కలు చేయరాదని కూడా రాసి ఉంది. ఎవరూ చేయని పనిని నిషేధించే అలవాటు ప్రభుత్వాలకు లేదు. రాష్ట్ర ప్రభుత్వం కోడ్ విత్ అస్ పేరుతో 70,000 డాలర్ల వరకు నేరుగా ప్రోగ్రామర్లకే పని ఇచ్చే పద్ధతి పెట్టింది. మధ్యవర్తులకు ఇందులో ఆసక్తి కలిగించే అంశమేదీ లేదు.

2025 జూన్‌లో ఆడిటర్ జనరల్ మరో నివేదిక ఇచ్చారు. జీసీ స్ట్రాటజీస్‌కు 31 ఫెడరల్ సంస్థలు 106 కాంట్రాక్టులు ఇచ్చాయని, సుమారు 6 కోట్ల 45 లక్షల డాలర్లు చెల్లించాయని లెక్క తేలింది. అదే నెలలో ఆ సంస్థను ఏడేళ్లపాటు ప్రభుత్వ పనులకు అనర్హమని ప్రకటించారు. 31 సంస్థల అర్హత మీద ప్రకటన ఏదీ లేదు. ఫీనిక్స్ స్థానంలోకి డేఫోర్స్ అనే వ్యవస్థను ఎంచుకోవడమూ 2025లోనే జరిగింది. మారడానికి ఏళ్లు పడుతుంది, అంతవరకు కింగ్ జార్జ్ బులవార్డ్ ఉద్యోగుల జీతాలు ఫీనిక్స్ చేతిలోనే ఉంటాయి. పాతదాన్ని నిలబెట్టడానికి మనుషులు కావాలి, కొత్తదాన్ని అమర్చడానికి వేరే మనుషులు కావాలి. రెండిటికీ మూడో లెవెల్ అనుభవం అడిగితే గడులు నింపగల నిపుణులు సిద్ధంగానే ఉన్నారు.