చీటాకు క్రమశిక్షణ లేదు

కెన్యాలోని మసాయి మారా చీటాల మీద మన ఫొటోగ్రాఫర్లకు పెద్ద ఫిర్యాదే ఉంది. అవి సహకరించవట. వెలుతురు ఎటునుంచి పడుతోందో చూసుకోకుండా పరుగెడతాయట. జింకను పట్టే క్షణంలోనే పొద చాటుకు పోతాయట. పది లక్షలు దాటిన 600 ఎంఎం లెన్స్ భుజాన వేసుకుని, ఎల్లో ఫీవర్ టీకా పొడిపించుకుని, ముంబై మీదుగా నైరోబీలో దిగి, అక్కణ్నుంచి అయిదారు గంటలు రోడ్డున పడి వచ్చిన పెద్దమనిషికి ఆ జంతువు చేసే మర్యాద ఇదా? జులై నుంచి డిసెంబరు దాకా మారాలో విదేశీయులకు ప్రవేశ రుసుము మనిషికి 200 డాలర్లు. అదీ పన్నెండు గంటలకే. అంత సొమ్ము కట్టినవాడికి వీపు చూపిస్తుందా!

చీటా తరఫు వాదన కూడా కాస్త వినాలి. రాత్రిళ్లు సింహాలవీ హైనాలవీ. వాటి కంటబడితే చీటాకు నోటికాడి కూడు పోతుంది, ఒక్కోసారి పిల్లలూ పోతాయి. అందుకే అది పగటి వేటకు అలవాటుపడింది. సింహాల కళ్లుగప్పి సంపాదించుకున్న ఆ పగటిపూటలోకే మనం బళ్లేసుకుని దిగాం.

ఎలా దిగుతామో చూడండి. ఒక డ్రైవరు రేడియోలో ‘దుమా’ అంటాడు. స్వాహిలీలో చీటా అని. ఆ ముక్క చాలు, కాసేపటికల్లా ఇరవై ల్యాండ్ క్రూజర్లు. పైకప్పులు లేచి ఉంటాయి, కప్పు అంచున ఇసుక సంచిలాంటి బీన్ బ్యాగు, దాని మీద ఫిరంగి గొట్టమంత లెన్సు. సెకనుకు ఇరవై ఫ్రేములు. చీటా తలెత్తితే వంద ఫొటోలు, ఆవలిస్తే మూడొందలు. జంతువు కన్ను ఎక్కడుందో కెమెరాయే వెతికి పట్టుకుంటుంది కాబట్టి ఫొటోగ్రాఫరుకు ఆ శ్రమా లేదు. ఇక మిగిలిన కళల్లా ఒక్కటే. డ్రైవరు భుజం తట్టి “ఇంకొంచెం ముందుకు పోనీ” అనడం.

ముందుకు పోకూడదని డ్రైవరుకు తెలుసు. ఒక జంతువు దగ్గర అయిదు బళ్లకు మించి ఉండకూడదు, 25 మీటర్ల ఎడం పాటించాలి, వెనక బళ్లు కాచుకుని ఉంటే పది నిమిషాల్లో తప్పుకోవాలి అని మారాలో నిబంధనలున్నాయి. కానీ అతని ఇల్లు గడిచేది టిప్పు మీద. సాయంత్రం ముఖం మాడ్చుకుని దిగిన అతిథి రివ్యూలో ఏం రాస్తాడోనని అతని భయం. పట్టుబడితే జరిమానా అతనికి, ఫొటో మనకి. రాత్రి లాడ్జిలో చలిమంట ముందు కూచుని “ఈ డ్రైవర్లకు బొత్తిగా రూల్సు తెలీవండీ” అనేది కూడా మనమే.

ఈలోగా గడ్డిలో పిల్లల్ని దాచిపెట్టి వేటకొచ్చిన తల్లి ఉంటుంది. అది పిల్లల్ని పిలిచే కూత పిట్ట కిచకిచలా ఉంటుంది. ఇరవై డీజిల్ ఇంజిన్ల మధ్య ఆ కూత ఎవరికి వినబడాలి? 2018లో అచ్చయిన ఒక పరిశోధన మారా చీటాల లెక్క తీసింది. పర్యాటకుల రద్దీ తక్కువున్నచోట ఒక్కో ఈతలో సగటున 2.3 పిల్లలు పెరిగి పెద్దవయ్యాయి. రద్దీ ఎక్కువున్నచోట 0.2. అంటే అయిదు ఈతలకు ఒక్క పిల్ల దక్కిందన్నమాట. బళ్లు పిల్లల్ని తొక్కేశాయని పరిశోధకులు అనలేదు. తల్లి తీరు మారుతోందనీ, బళ్ల మూలంగా వేట చెడుతూ ఉండొచ్చనీ అన్నారు. మన వేట మాత్రం ఏనాడూ చెడదు. మెమరీ కార్డు నిండుతుంది.

మారా నది దాటే వైల్డ్‌బీస్ట్‌ల సంగతీ ఇంతే. పక్కనున్న సెరెంగెటి నుంచి లక్షల్లో తరలివస్తాయి. దిగాలా వద్దా అని ఒడ్డున గంటలకొద్దీ తటపటాయిస్తాయి. కింద మొసళ్లు కాచుకునుంటాయి, పైన మనం. మన పెళ్లిళ్లలో తలంబ్రాల వేళకు బంధువులకు కెమెరావాళ్ల వీపులే కనబడతాయి కదా, అక్కడ ఆ వీపుల వరస మంద దాటాల్సిన దారికే అడ్డం. దారి మూసుకుంటే మంద వెనక్కి మళ్లుతుంది, లేదా నిటారు గట్టు మీంచి దూకుతుంది. 2025 జులైలో ఉత్తర సెరెంగెటిలో నది ఒడ్డున జనం బళ్లు దిగి మరీ మందకు ఎదురుగా నిలబడ్డ వీడియో ప్రపంచమంతా తిరిగింది. చూసి ఛీ అన్నవాళ్లలో చాలామంది బండి దిగి ఉండరు. బండిలోనే ఉండి అడ్డమొచ్చి ఉంటారు.

ఎందుకయ్యా ఇదంతా అంటే “అవేర్‌నెస్ కోసం” అంటారు. మంచి మాట, పాత మాట కూడా. 1909లో అమెరికా అధ్యక్ష పదవి దిగీదిగగానే రూజ్‌వెల్ట్ తూర్పు ఆఫ్రికాకు వచ్చి, కొడుకుతో కలిసి అయిదొందల పైచిలుకు పెద్ద జంతువుల్ని కాల్చాడు. స్మిత్సోనియన్ మ్యూజియం కోసం, సైన్సు కోసం. 1977లో కెన్యా వేటను నిషేధించింది గానీ వేటగాళ్ల జాబితాను నిషేధించడం ఎవరి తరమూ కాలేదు. సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న, కాలినడకన వేటాడ్డానికి మహా ప్రమాదకరమని వాళ్లు కట్టిన ఈ అయిదింటి పట్టికకే ఇవాళ మనం టిక్కులు పెట్టుకుంటున్నాం. నాలుగు దొరికి చిరుత దొరక్కపోతే యాత్ర దండగ.

ఇంకా చిత్రమేమంటే ఆ ఫొటోల్లో మనిషి జాడ ఉండదు. సెరెంగెటి పార్కులోంచి 1959లో అక్కడ బతుకుతున్న మసాయి జనాన్ని పశువులతో సహా ఖాళీ చేయించారు, అలా తయారైన ఏకాంతమే మన కాప్షన్‌లో ‘మనిషి స్పర్శ సోకని ఆదిమ అరణ్యం’ అవుతుంది. మసాయి మనిషి మన ఆల్బంలోకి రావాలంటే ఎర్ర శాలువా కప్పుకుని ఎగరాల్సిందే.

మనవాళ్ల ఆల్బంలో ఇంకో ముద్దొచ్చే ఫొటో తప్పకుండా ఉంటుంది. ఊదారంగు రొమ్ము పిట్ట, కొమ్మ చివర, వెనక అంతా మసకగా. ఆహా ఆఫ్రికా అంటారు. అది మన పాలపిట్టకు దగ్గరి చుట్టం. ఆ పాలపిట్టను మనం దసరా నాడు కాళ్లు కట్టి పంజరంలో పెట్టినవాడి దగ్గర పదో ఇరవయ్యో ఇచ్చి దర్శనం చేసుకుంటాం.

అందరూ మానేసి ఇంట్లో కూచోవాలని కాదు. మారా చుట్టూ కన్సర్వెన్సీలున్నాయి. భూమి మసాయి కుటుంబాలది, కౌలు డబ్బు వాళ్లకే చేరుతుంది, బళ్ల సంఖ్యకు కళ్లెం ఉంటుంది. అక్కడికి వెళ్లండి. వెళ్లినవాళ్లు తిరిగొచ్చి చీటా ఫొటో చూపిస్తే, లైకు కొట్టే ముందు ఒక్క మాట అడగండి: ఫ్రేము బయట ఎన్ని బళ్లున్నాయండీ?