మంచమెక్కితేనే జబ్బు

మన దేశంలో జబ్బుకు ఉండాల్సిన మొదటి లక్షణం నొప్పి కాదు, మంచం. అదీ ఆస్పత్రి మంచం, 24 గంటలకు తగ్గకుండా. ఈ సంగతి తెలియక నెలకు నాలుగైదుసార్లు తల పట్టుకుని కూలబడే అమాయకులు తమకేదో రోగం వచ్చిందని అనుకుంటున్నారు. వాళ్ళ భ్రమ వదిలించడం నా ధర్మం.

పార్శ్వపు నొప్పి సంగతే తీసుకోండి. ఇంగ్లీషు చదువులొచ్చాక మైగ్రేన్ అని మర్యాదగా పిలుస్తున్నాం. మందు పడకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా తల ఒలిచేస్తుంది. వెలుతురు పడదు, కుక్కర్ కూత పడదు, తాలింపు వాసన తగిలితే వాంతి. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకే ఎక్కువ. కుట్టుమిషను తొక్కే అమ్మాయి పని మానేసి, తలుపులేసుకుని, కొంగు తలకు బిగించి మూడు రోజులు పడుకుంటుంది. మంచం ఎక్కింది కదా అంటారేమో. సొంత మంచం చెల్లదు. సొంత మంచానికి బిల్లు రాదు, బిల్లు లేని బాధ లెక్కలోకి రాదు.

లెక్కలోకి వచ్చేవి మనకు ఘనంగానే ఉన్నాయి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. దానివల్ల గుండె ఆపరేషన్లు జరిగి బతికిన పేదలెందరో ఉన్నారు, కాదన్నవాడికి కళ్ళు పోతాయి. 2018లో ఏడాదికి 5 లక్షలతో ఆయుష్మాన్ భారత్ వచ్చింది. 2023 డిసెంబరులో తెలంగాణ తన పరిమితిని 5 నుంచి 10 లక్షలకు పెంచితే, అదే నెలలో ఆంధ్ర ఏకంగా 25 లక్షలంది. ఆంధ్రలో పథకం పేరు కూడా గద్దె మారినప్పుడల్లా మారింది: రాజీవ్, ఎన్టీఆర్, వైఎస్సార్, మళ్ళీ ఎన్టీఆర్. పేరుకు ఇన్ని ఆపరేషన్లు చేసిన ప్రభుత్వాలకు తలనొప్పి ఓపీ చీటీ మాత్రం కంటికి ఆనలేదు. ఆ లక్షలు ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవాళ్ళకే. అందుకే జేబులో లక్షల కార్డు పెట్టుకుని, డాక్టరు ఫీజుకు పక్కింట్లో చేబదులు అడిగే ధనవంతులు మన దగ్గర కోకొల్లలు.

డబ్బున్నవాళ్ళు ప్రైవేటు పాలసీ కొనుక్కోవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ కూడా ఎత్తేశారు. శుభం. మామూలు పాలసీలో అక్కడా 24 గంటల మంచమే. పైగా తలనొప్పి పాతదైతే 36 నెలల దాకా ఆగమనవచ్చు. 2024కు ముందు అది 48 నెలలు. నొప్పి మీద ఏడాది దయ చూపించారు.

తెలివైనవాడు ఒక రాత్రి ఆస్పత్రిలో చేరి ఎంఆర్ఐ తీయించుకుంటాడు. కంపెనీ అతనికన్నా తెలివైనది. కేవలం పరీక్షల కోసం చేరితే డబ్బివ్వమని పాలసీలో ముందే రాసుకుంది. చేరకపోతే జబ్బు కాదు, చేరితే ఒట్టి పరీక్ష. ఇక స్కానులో ఏదైనా తేలితే అదృష్టవంతుడే. కణితి ఉంటే లక్షలిస్తారు, కణత నొప్పికి పైసా రాలదు. రిపోర్టులో నార్మల్ అని చూసి సంతోషించాల్సిన మనిషి, చేతిలో బిల్లు పట్టుకుని దేవుణ్ణి తిట్టుకునే విచిత్రం ఇక్కడే చూస్తాం.

మరి పేదవాడి బీమా ఏది? 1893లోనే బొంబాయిలో మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు సీసాలో పోసి ఇచ్చారు. అమృతాంజనానికి నిరీక్షణ కాలం లేదు, ఆధార్ అడగదు, క్లెయిమ్ తిరస్కరించదు. రోగం కుదరదు, అది వేరే విషయం.

ఆ తర్వాత మెట్టు మందుల షాపు. "అన్నా, తలనొప్పికి ఒకటియ్యి" అంటే ఇస్తాడు. 2018 సెప్టెంబరులో కేంద్రం 328 మిశ్రమ మందులను నిషేధిస్తే ఆ జాబితాలో సారిడాన్ కూడా చిక్కింది. సుప్రీంకోర్టుకెళ్ళి 2019 నాటికి బయటపడింది. మాత్రకు లాయరు దొరికాడు, తలకు దొరకలేదు.

షాపువాడు చెప్పని ముక్క ఒకటుంది. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, కలగలుపు మాత్రలైతే 10 రోజులు, ఇలా మూడు నెలలు దాటితే ఆ మాత్రలే కొత్త తలనొప్పి తెప్పిస్తాయి. డాక్టరు ఫీజు మిగుల్చుకున్నవాడు రెండో రోగాన్ని చిల్లరకు కొనుక్కుంటున్నాడన్నమాట.

సర్కారు ఆస్పత్రిలో ఉచితమే కదా అంటారు. నిజమే. వెలుతురు, రణగొణ, ఫినాయిలు కంపు పడని రోగిని ట్యూబులైట్ల కింద, తోపులాటలో, ఫినాయిలు వాసన మధ్య పొద్దుటినుంచీ నిలబెడతారు. ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష ఏ ల్యాబులోనూ లేదు. తీరా వంతొచ్చాక రెండు నిమిషాల్లో, "పని ఎక్కువై ఉంటుందమ్మా, నిద్రపో." ఆ మాత్రం ఇంట్లో అత్తగారూ చెప్పింది, శొంఠి గంధంతో సహా.

నవ్వులాట ఆపి ఒక మాట. ఇంతకుముందెన్నడూ ఎరగనంత నొప్పి ఒక్కసారిగా విరుచుకుపడినా, జ్వరంతో మెడ బిగుసుకుపోయినా, మాట తడబడినా, చెయ్యో కాలో చచ్చుబడినా ఈ కాగితం అవతల పడేసి ఆస్పత్రికి పరుగెత్తండి. అప్పుడు మంచం కూడా దొరుకుతుంది.

మిగతావాళ్ళకు కావలసింది ఖరీదైన వైద్యమేమీ కాదు. నొప్పి తరచుగా రాకుండా ఆపే ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలిన్ వంటివి దశాబ్దాల పాత మందులు, చవకవి. ఎవరికేది సరిపడుతుందో చూసి రాసి, నెలకోసారి పిలిచి మోతాదు సరిచేసే డాక్టరు ఉంటే చాలు. మండల కేంద్రంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జరగాల్సిన పని.

జరగదు. వచ్చే ఎన్నికలకు పరిమితి 50 లక్షలంటారు, జనం చప్పట్లు కొడతారు. "లక్షలొద్దు బాబూ, నెలకు సరిపడా మాత్రలూ, పది నిమిషాలు వినే డాక్టరూ ఇప్పించు" అని అడిగితే ఏ నాయకుడికీ వినబడదు. ఇంత చవకైన కోరికకు ఫ్లెక్సీ కట్టించుకుంటే అతని పరువేం కాను?