సగం మాత్ర మహాత్మ్యం

2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లు మీద ఎక్సైజు దాడులు ముమ్మరమయ్యాయి. ఆ వెంటనే నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రులకు జనం బారులు కట్టారు. ఒకరికి ఫిట్స్, ఒకరికి ఆగని వణుకు, ఇంకొకరిది పొంతన లేని మాట. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కల్లూ మద్యమూ దొరక్కపోయేసరికి హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం దగ్గర మళ్లీ అదే గుంపు. కల్లు బాధితుల్ని ఆ స్థితికి తెచ్చింది తాటిచెట్టు కాదు. కల్లులో కలిపే క్లోరల్ హైడ్రేట్, డైజెపాం, అల్ప్రజోలం. రోజూ పడేది ఒక్కసారిగా ఆగిపోతే ఒళ్లు ఊరుకోదు.

ఈ వార్తలు పొద్దున కాఫీతో పాటు చదివి "పాపం, తెలియని జనం" అని నిట్టూర్చిన పెద్దమనుషులకు కొదవ లేదు. వాళ్లలో కొందరి చొక్కా జేబులో, కొందరి హ్యాండ్‌బ్యాగు లోపలి అరలో ఆ అల్ప్రజోలమే వెండిరంగు స్ట్రిప్పులో పడుకుని ఉంది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని మన పెద్దలు చెప్పారు. అపార్ట్‌మెంట్‌లో కూర్చుని కల్లులో కలిపే సరుకు మింగితే మాత్రం ట్రీట్‌మెంట్ అంటారు. సామెతకు రెండో పాదం ఇన్నాళ్లూ ఎవరూ రాయలేదు, అంతే.

పానిక్ అటాక్ వచ్చి ఆ స్ట్రిప్పు పట్టినవాళ్లను నేను వెక్కిరించడం లేదు. గుండె గొంతులోకి వచ్చినట్టు కొట్టుకుంటుంది, ఊపిరి అందదు, చేతులు తిమ్మిరెక్కుతాయి, ఇక ప్రాణం పోతోందన్న నమ్మకం కలుగుతుంది. ఆ భయం నాటకం కాదు. మొదటిసారి వస్తే ఆసుపత్రికి పరుగెత్తడమే సరైన పని, అది గుండె జబ్బు కాదని తేలాలి కాబట్టి. ఈసీజీ తీస్తారు, ఎకో తీస్తారు, థైరాయిడ్ చూస్తారు. అన్నీ బాగున్నాయని తేలాక మన వైద్యలోకం తన అమూల్యమైన రెండక్షరాల నిర్ధారణ ప్రకటిస్తుంది: "గ్యాస్." ఇంకా ఓపికున్న డాక్టరైతే "టెన్షన్ పడకండి" అని కూడా అంటాడు. టెన్షన్ ఎలా పడకూడదో చెప్పడానికి టైము లేదు, బయట ముప్ఫై మంది ఉన్నారు. అందుకని చీటీ మీద అల్ప్రజోలం పాయింట్ టూ ఫైవ్ ఒకటి రాస్తాడు, అవసరమైతే వేసుకోమని. ఆ "అవసరమైతే" అన్న మాటకు గడువు రాయడు. ఆ చీటీ పెళ్లిశుభలేఖ కంటే భద్రంగా బీరువాలో ఉంటుంది. ఆరేళ్ల తర్వాత కూడా దాన్ని ఫోనులో ఫొటో తీసి మెడికల్ షాపువాడికి వాట్సాప్ చేస్తారు.

ఇక అక్కణ్ణుంచి భక్తి మొదలు. "వేసుకున్న అరగంటలో చేత్తో తీసేసినట్టు పోయిందండీ!" ఈ సాక్ష్యం వినని తెలుగువాడు ఉండడు. లెక్క చూద్దాం. పానిక్ అటాక్ మామూలుగా పది నిమిషాల్లోపే శిఖరానికి చేరుతుంది, ఇరవై ముప్ఫై నిమిషాల్లో దానంతటదే దిగిపోతుంది. మామూలు అల్ప్రజోలం మాత్ర కడుపులో కరిగి రక్తంలో పతాక స్థాయికి చేరాలంటే గంట నుంచి రెండు గంటలు పడుతుంది. అంటే మాత్ర చెప్పులేసుకుని బయలుదేరేసరికి దొంగ గోడ దూకి వెళ్లిపోయాడు. అయినా పట్టుకున్న పేరు మాత్రది. కాకి వాలడం, తాటిపండు రాలడం. కాకతాళీయానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ తర్కశాస్త్రంలో దొరకదు, పైగా ఇక్కడా తాటిచెట్టే. ఇక ఆ సాయంత్రమంతా మిగిలే మగత మాత్రం అచ్చంగా మాత్రదే. అది తగ్గిపోయిన భయానికి ఆలస్యంగా అందిన సాయం.

ఈ పొరపాటు లెక్క వల్ల పోయేది స్ట్రిప్పు డబ్బులే అయితే నేనీ వ్యాసం రాయను. పోయేది పాఠం. ఈ దడ వస్తుంది, శిఖరం చేరుతుంది, ఏమీ చెయ్యకపోయినా దిగుతుంది అని మనిషి తన ఒంటి నుంచి నేర్చుకోవాల్సిన పాఠం ఉంది. 1986లో డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త చెప్పింది ఇదే: గుండె వేగాన్ని గుండెపోటుగా, తల తిరుగుడును పక్షవాతంగా అర్థం చేసుకోవడమే పానిక్‌కు ఇంధనం. ఆ అర్థం మారితే మంట ఆరుతుంది. కానీ ప్రతిసారీ మాత్ర అడ్డొచ్చి "నేనే కాపాడాను" అంటే, కాపాడాల్సినంత ప్రమాదం నిజంగానే ఉందన్నమాట! భయం పోలేదు. స్ట్రిప్పులోకి కాపురం మారింది.

దీనికి పరాకాష్ఠ తాయెత్తు సంప్రదాయం. "నేను వేసుకోనండీ, దగ్గర ఉంటే చాలు, ధైర్యం." తాయెత్తు కట్టుకునే మేనత్తను చూసి మూఢనమ్మకమని నవ్వే సాఫ్ట్‌వేర్ అల్లుడు, స్ట్రిప్పు ఇంట్లో మరిచిపోతే మెట్రో ఎక్కడు, ఔటర్ రింగ్ రోడ్డు మధ్యలోంచి కారు వెనక్కి తిప్పుతాడు. మేనత్త తాయెత్తుకు ఎక్స్‌పైరీ డేటు లేదు, ఆ పాటి మేలు.

"సగమే కదండీ" అన్నది తర్వాతి శ్లోకం. సగం మాత్ర వాడే ఇంట్లో మిగతా సగం ఎప్పుడు వేసుకుంటారో అడగాలి. అల్ప్రజోలం ఒంట్లోంచి త్వరగానే దిగిపోతుంది. రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు పదకొండు గంటలు. రోజూ వాడేవాళ్లకు దిగిపోయే వేళ మళ్లీ దడ. అది పాత జబ్బా, మందు దిగిపోతున్న దడా అని ఎవరూ ఆగి చూడరు. "చూశారా, వేసుకోకపోతే ఎలా అయిపోతున్నానో" అని దాన్నే రుజువుగా చూపిస్తారు. అప్పిచ్చినవాడే తలుపు తట్టి, మళ్లీ అప్పు కావాలా అని అడుగుతున్నాడని గ్రహించడానికి ఏళ్లు పడుతుంది. కొన్నాళ్లకు పావు చాలదు, సగం. సగం చాలదు, పాయింట్ ఫైవ్. కల్లు దుకాణంలోనూ వరస ఇదే, అక్కడ కొలత సీసాల్లో.

ఈ కథ మన దగ్గర పుట్టింది కాదు. అల్ప్రజోలం జాతి మందుల్లో 1960లో లిబ్రియం వచ్చింది, 1963లో వేలియం వచ్చింది. పాత నిద్రమందుల కంటే ఇవి భద్రం, భయం లేదన్నారు. భయం ఉందని తెలియడానికి రెండు దశాబ్దాలు పట్టింది. ఆ లోగా 1981లో అమెరికాలో అప్‌జాన్ కంపెనీ జానాక్స్ పేరుతో అల్ప్రజోలం దించింది. పానిక్‌కు అదే విరుగుడని తేల్చడానికి కంపెనీ తన డబ్బుతో దేశదేశాల్లో పెద్ద పరీక్ష పెట్టించింది. ఆ ఫలితాలు 1988లో అచ్చయ్యాయి. మొదటి నాలుగు వారాలు మాత్రదే పైచేయి. ఎనిమిదో వారానికి, చివరిదాకా నిలిచినవారిని లెక్క తీస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారు కూడా పానిక్‌ల లెక్కలో దాదాపు సమానంగా వచ్చేశారు. మందు తగ్గిస్తూ ఆపినప్పుడు కొందరికి మొదటికంటే ఎక్కువ పానిక్‌లు వచ్చాయి. అయినా 1990లో అమెరికా ప్రభుత్వం పానిక్‌కు అనుమతి ఇచ్చింది. 1993లో ఐజాక్ మార్క్స్ అనే పరిశోధకుడి బృందం లండన్, టొరంటోల్లో చేసిన అధ్యయనంలో, భయపడే చోటికి మెల్లగా అలవాటు పడే చికిత్స తీసుకున్నవారి లాభం నిలిచింది. మాత్ర ఇచ్చిన లాభం మాత్రతోనే పోయింది. 2020 సెప్టెంబరులో అమెరికా ఔషధ సంస్థ ఈ జాతి మందులన్నిటి వివరపత్రాల్లోనూ అలవాటు, ఆధారపడటం, మానేటప్పటి కష్టాల గురించి తన అతి గట్టి హెచ్చరిక ముద్రించమంది. పానిక్‌కు ఇచ్చిన అనుమతికీ ఈ హెచ్చరికకూ మధ్య ముప్ఫై ఏళ్లు. శాస్త్రం నిదానంగా నడుస్తుంది, అమ్మకాలు కావు.

మన దేశం తక్కువ తినలేదు. మనకు "ప్లస్" ఉంది. ఎస్సిటాలోప్రాం అనే మందు పానిక్‌కు మంచిదే, అలవాటు చేసే రకం కాదు. రెండు మూడు వారాల తర్వాత పనిచేయడం మొదలెడుతుంది, నెలల తరబడి వాడాలి. ఆ మొదటి వారాలు గడవడానికి అల్ప్రజోలం జాతికే చెందిన క్లోనజెపాం ఇవ్వడం, తర్వాత దాన్ని తీసేయడం ఒక పద్ధతి. దీంట్లో ఒప్పుకోదగ్గ తెలివి ఉంది. మరి మన కంపెనీలు ఏం చేశాయి? నెలల తరబడి వాడాల్సినదాన్నీ, వారాల్లో ఆపాల్సినదాన్నీ కలిపి ఒకే బిళ్లగా నొక్కేశాయి. ఒకదాన్ని ఆపాలంటే రెండోదాన్ని కూడా ఆపాలి. ఒకదాన్ని కొనసాగించాలంటే రెండోదాన్నీ మింగాలి. దీన్ని కనిపెట్టినవాడికి వైద్యంలో కాకపోయినా వాణిజ్యంలో ఏదో ఒక పురస్కారం దక్కాలి. రోగి పాపం "నాది డిప్రెషన్ మందు మాత్రమే, నిద్రమాత్రలు వాడను" అని గర్వంగా చెబుతుంటాడు. బిళ్ల వెనకాల చిన్న అక్షరాలు చదవడానికి కళ్లజోడు కావాలి.

చట్టం లేదా అంటే, బ్రహ్మాండంగా ఉంది. 2014 మార్చి 1 నుంచి అల్ప్రజోలం, డైజెపాం షెడ్యూల్ హెచ్‌1 కిందికి వచ్చాయి. స్ట్రిప్పు మీద ఎర్ర గీతల హెచ్చరిక ఉండాలి. డాక్టరు చీటీ లేనిదే ఇవ్వకూడదు. డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చారో విడిగా ఒక రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. రాసే షాపులు ఉన్నాయి, వాళ్లకు దండం. మిగతా చోట్ల సంభాషణ ఇలా సాగుతుంది: "అన్నా, మొన్నటిదే ఒకటి ఇయ్యి." "ఒకటేనా, రెండియ్యాల్నా?" షాపుకంటే ముందు వంటింట్లో ఇంకో డాక్టరమ్మ ఉంటుంది: "వదినా, నేను వేసుకునేది సగం ఇస్తాను, వేసుకుని పడుకో, పొద్దున్న లేచేసరికి హాయిగా ఉంటుంది." వదినకు నిజంగానే హాయిగా ఉంటుంది. మెంతికూర పప్పు రెసిపీలాగా మందు ఇల్లిల్లూ తిరుగుతుంది. ఇదే స్ట్రిప్పుతో, ముందస్తు అనుమతి లేకుండా, కొడుకును చూడ్డానికి దుబాయ్‌లో దిగితే తెలుస్తుంది ఆ సగం మాత్ర విలువ ఎంతో.

అరవై దాటిన అమ్మకు ఇస్తే రాత్రి బాత్రూముకు లేచినప్పుడు తూలి పడుతుంది, తుంటి విరుగుతుంది, అందరూ టైల్సును తిడతారు. మతిమరుపు వస్తే వయసును తిడతారు. శనివారం రాత్రి రెండు పెగ్గుల మీద వేసుకుంటే ఊపిరే మందగించవచ్చు, అప్పుడు తిట్టడానికి ఎవరూ ఉండకపోవచ్చు.

ఈ మందు పనికిరాదని ఎవరైనా అంటే వాళ్లనూ నమ్మకండి. ఫిట్స్ ఆపడానికి, ఆపరేషనుకు ముందు, తాగుడు మాన్పించేటప్పుడు, తట్టుకోలేని కొద్ది రోజులు దాటించడానికి ఈ జాతి మందులు ప్రాణదాతలే. బ్రిటన్‌లో 1988లోనే వీటికి రెండు నుంచి నాలుగు వారాల గడువు పెట్టారు. అక్కడి మార్గదర్శకాలు పానిక్ జబ్బుకు వీటిని రాయవద్దనే చెబుతాయి. ఆలోచననూ అలవాటునూ మార్చే కౌన్సెలింగ్ చికిత్స, అవసరమైతే ఎస్సిటాలోప్రాం జాతి మందు, ఈ రెండూ అక్కడి మొదటి వరస. మన దగ్గర కౌన్సెలింగ్ అంటే, "డబ్బులిచ్చి మాట్లాడించుకోవడమా? మాకు ఇంట్లో మాట్లాడేవాళ్లు లేకనా?" ఉన్నారు. ఇందాకటి వంటింటి డాక్టరమ్మ.

ఇక చివరి మాట వెటకారం కాదు. దీన్ని వారాలు, నెలలుగా రోజూ వేసుకుంటున్నవారు ఈ వ్యాసం చదివి కోపంతో స్ట్రిప్పు చెత్తబుట్టలో పారేయకండి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఇంగ్లండులో న్యూకాసిల్‌లో హెదర్ ఆష్టన్ అనే డాక్టరు 1982 నుంచి పన్నెండేళ్లు ఈ మందులు మానాలనుకునేవాళ్ల కోసమే క్లినిక్ నడిపారు. ఆమె పద్ధతి కొంచెం కొంచెంగా, వారాలు, కొందరికైతే నెలల మీద తగ్గించుకుంటూ రావడం. సైకియాట్రిస్టును కలిసి "ఇది ఎప్పుడు ఆపుతాం, ఎలా ఆపుతాం?" అని అడగండి. కొత్తగా రాస్తుంటే చీటీ చేతికందే ముందే ఆ ప్రశ్న వేయండి. ఎవరిని అడగాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. ఫోను ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా పలుకుతారు.